గుండెకు మొక్కలు ఇచ్చే రక్షణ: దాని బలమెంత, హద్దెక్కడ?

హైదరాబాదు నగరానికి వాయవ్య దిశలో ఉన్న బాచుపల్లి ఒకప్పుడు ఒక గ్రామం. నేడు అది హైటెక్ సిటీ కార్యాలయాలలో పనిచేసే వేలాది ఉద్యోగులకు నివాసస్థలం. మందుల తయారీలో పేరుపొందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థకు ఇక్కడ పెద్ద కర్మాగారాలున్నాయి. అక్కడ తయారయ్యే ప్రతి మాత్రలో మందు ఎన్ని మిల్లీగ్రాములు ఉన్నదో లెక్క ఉంటుంది. అది ఏ రోగానికి, ఏ వేళ, ఎంత కాలం వాడాలో నిర్ణయమై ఉంటుంది. అదే ఊరి పండ్ల దుకాణంలో దొరికే జామకాయకు, దానిమ్మపండుకు అటువంటి లెక్క లేదు. అయినా ఈ పండ్లు గుండెను కాపాడతాయని పత్రికలు వ్రాస్తున్నాయి, చేతి ఫోన్లలో సందేశాలు తిరుగుతున్నాయి. కొందరు ఇంకొక అడుగు ముందుకు వేసి, వీటిని వాడేవారికి డాక్టరు మందులతో పనిలేదని కూడా చెబుతున్నారు.

ఇందులో నిజమెంత? మొక్కలలోని ఏ పదార్థాలు గుండెకు మేలు చేస్తాయి, ఎలా చేస్తాయి, ఎక్కడ వాటి శక్తి ఆగిపోతుంది? ఈ ప్రశ్నలకు స్పష్టమైన సమాధానం తెలిసి ఉండటం ప్రతి కుటుంబానికి అవసరం. ఎందుకంటే గుండెపోటు వచ్చిన వేళ పొరపాటు అభిప్రాయం వల్ల జరిగే ఆలస్యం ఒక ప్రాణం ఖరీదు చేయవచ్చు.

గుండె ఇంధనం

మనిషి గుండె బరువు సుమారు 300 గ్రాములు. రోజుకు దాదాపు ఒక లక్షసార్లు అది కొట్టుకుంటుంది. ఇంత శ్రమకు కావలసిన శక్తి ఏ.టి.పి. అనే పదార్థం నుండి లభిస్తుంది. కండరాలలో ఈ పదార్థాన్ని కనుగొన్నవారిలో ఒకరు మన తెలుగువాడే. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని హార్వర్డు వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేస్తూ 1929లో దీనిని గుర్తించాడు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా దీనిని కనుగొన్నాడు.

గుండె ఒక రోజులో తయారుచేసి ఖర్చుచేసే ఏ.టి.పి. మొత్తం సుమారు 6 కిలోలని అంచనా. అనగా తన బరువుకు ఇరవై రెట్లు! కాని ఒక క్షణంలో దాని వద్ద ఉండే నిల్వ కొద్ది సెకన్లకు మాత్రమే సరిపోతుంది. ఏ పూటకాపూట సంపాదించి తినే కూలివాని వంటిది గుండె. సంపాదన ఆగితే బ్రతుకు ఆగుతుంది. ఈ సంపాదనకు ప్రాణవాయువు కావాలి, ప్రాణవాయువు రక్తంతోనే రావాలి.

గుండె గదులలో ఎప్పుడూ రక్తం నిండి ఉన్నా, గుండె కండరానికి ఆహారం ఆ గదుల నుండి అందదు. దాని గోడలలోనికి వ్యాపించిన హృద్ధమనుల ద్వారానే అందుతుంది. ఈ సత్యాన్ని ఎన్నో శతాబ్దాల క్రితమే చెప్పిన ముస్లిం వైద్యుడు ఇబ్నె నఫీస్. 1288లో కైరోలో మరణించిన ఈ విద్వాంసుడు, ఇబ్నె సీనా గ్రంథంలోని శరీరనిర్మాణ భాగానికి వ్రాసిన వ్యాఖ్యానంలో, గుండెకు పోషణ దాని కండరంలో వ్యాపించి ఉన్న నాళాల నుండి వస్తుందని స్పష్టపరిచాడు. ఊపిరితిత్తుల గుండా రక్తం ప్రసరించే మార్గాన్ని వర్ణించినది కూడా ఈ గ్రంథంలోనే.

రక్తం ఆగినప్పుడు, తిరిగి వచ్చినప్పుడు

హృద్ధమని లోపలి గోడలో ఏళ్ళ తరబడి కొవ్వు పేరుకొని, ఒకనాడు అది చిట్లి, దానిపై రక్తం గడ్డకట్టినప్పుడు నాళం మూసుకుపోతుంది. దాని ఆవల ఉన్న కండరానికి రక్తం అందదు. ఈ స్థితిని వైద్యులు ఇస్కీమియా అంటారు. కొన్ని సెకన్లలోనే ఆ భాగం ముడుచుకొనే శక్తిని కోల్పోతుంది. అయితే కణాలు వెంటనే మరణించవు. కుక్కలపై జరిపిన ప్రయోగాలలో సుమారు 20 నిమిషాల తరువాత లోపలి పొరలో కణాల మరణం మొదలై, కొన్ని గంటలలో బయటి పొర వైపు అలలా వ్యాపిస్తుందని తేలింది. కనుక నాళాన్ని ఎంత త్వరగా తెరిస్తే అంత కండరం మిగులుతుంది.

ఇక్కడే ఒక విచిత్రం ఉన్నది. ఆగిన రక్తం తిరిగి ప్రవహించగానే అంతా చక్కబడుతుందని మనం అనుకుంటాము. కాని ఆ తిరిగి వచ్చిన రక్తమే మొదటి కొద్ది నిమిషాలలో కొంత హాని చేస్తుంది. ప్రాణవాయువు లేక అలమటించిన కణాలలో సగం విరిగిన పదార్థాలు పేరుకొని ఉంటాయి. వాటిలో సక్సినేటు ముఖ్యమైనదని 2014లో ఒక పరిశోధక బృందం చూపింది. రక్తంతోపాటు ప్రాణవాయువు ఒక్కసారిగా వచ్చిపడగానే ఈ సక్సినేటు వేగంగా దహించుకుపోతుంది. ఆ తొందరలో కణాల శక్తి కేంద్రాలైన మైటోకాండ్రియాలలో ఫ్రీ రాడికల్సు అనే చురుకైన అణువులు పెద్దఎత్తున పుడతాయి. ఆరిపోతున్న పొయ్యిమీద ఒక్కసారిగా నూనె గుమ్మరిస్తే నిప్పురవ్వలు ఎగసి ఇంటి కప్పుకు అంటుకున్నట్లు, ఇవి కణపు పొరలను, మాంసకృత్తులను కాల్చివేస్తాయి. దానికితోడు కణంలోకి కాల్షియం వరదలా చేరుతుంది. చివరకు మైటోకాండ్రియా పొరలో రంధ్రాలు తెరుచుకొని కణం నశిస్తుంది. జంతువులలో చివరకు చనిపోయిన కండరంలో సగం వరకు ఈ రెండవ దెబ్బవల్లనే కావచ్చునని పరిశోధకులు లెక్కగట్టారు.

ఇంత జరిగినా నాళం తెరవటమే మేలు. తెరవకపోతే ఆ భాగమంతా మరణిస్తుంది. తెరిస్తే ఎక్కువ భాగం బ్రతుకుతుంది. ఈ రెండవ దెబ్బను తగ్గించుకోగలమా అన్నదే ప్రశ్న. మొక్కల సంగతి ఇక్కడ ముందుకు వస్తుంది.

శరీరంలోని కాపలా, మొక్కలలోని కాపలా

సర్వశక్తిమంతుడైన అల్లాహ్ ఈ నిప్పురవ్వల నుండి కాపాడుకొనే ఏర్పాటును మన శరీరంలోనే ఉంచాడు. సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైము ఈ పని చేస్తుందని 1969లో మెక్‌కార్డ్, ఫ్రిడోవిచ్ అనే శాస్త్రజ్ఞులు వెల్లడించారు. కాటలేజ్, గ్లూటాథయోన్ మొదలైనవి దానికి తోడు. ఈ విధంగా ఆక్సీకరణ హానిని అరికట్టే పదార్థాలన్నిటినీ యాంటీ ఆక్సిడెంట్లు అంటారు.

మొక్కలు ఎండ నుండి పారిపోలేవు. పురుగు కుట్టినా, బూజు పట్టినా నిలిచినచోటనే ఎదుర్కోవాలి. అందుకు అవి పాలీఫినాల్సు అనే వేలాది రకాల పదార్థాలను తయారుచేసుకుంటాయి. దానిమ్మ గింజలకు ఎరుపు, నేరేడుకు, నల్లద్రాక్షకు ఊదారంగు ఇచ్చే ఆంథోసయనిన్లు ఈ వర్గానివే. ఉల్లిగడ్డలో క్వెర్సెటిన్, తేయాకులో కాటెకిన్లు, ఆలివ్‌లో హైడ్రాక్సీటైరోసాల్, పసుపులో కర్కుమిన్ ఉంటాయి. హైదరాబాదుకు పేరుతెచ్చిన అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష లేత రంగుది గనుక దానిలో ఆంథోసయనిన్లు ఆశించలేము. ఆ విషయంలో నల్లద్రాక్ష మేలు.

మొక్కజొన్న తిన్న ఎలుకలు

ఈ పదార్థాలు నిజంగా గుండె కండరాన్ని కాపాడతాయా అని పరీక్షించిన ప్రయోగాలలో 2008లో ప్రచురితమైన ఒకటి చెప్పుకోదగినది. ఫ్రాన్సు, ఇటలీ పరిశోధకులు రెండు రకాల మొక్కజొన్నను తీసుకున్నారు. రెండూ ఒకే వంశానివి. ఒకదానిలో ఊదారంగు ఆంథోసయనిన్లు సమృద్ధిగా ఉన్నాయి, రెండవదానిలో లేవు. ఇతర పోషకాలలో వ్యత్యాసం లేదు. ఒక గుంపు ఎలుకలకు మొదటిది, ఇంకొక గుంపుకు రెండవది 8 వారాలు తినిపించారు. ఆ తరువాత హృద్ధమనిని కొంతసేపు బిగించి మళ్ళీ విడిచి, ఎంత కండరం చనిపోయిందో కొలిచారు. రంగు మొక్కజొన్న తిన్న ఎలుకలలో నష్టం సుమారు 30 శాతం తక్కువగా ఉన్నది.

ఇంతకన్నా గమనించవలసిన విషయం మరొకటి ఉన్నది. ఆ ఎలుకల గుండెలో గ్లూటాథయోన్ పెరిగింది. అనగా శరీరపు సొంత కాపలా బలపడింది. పండులోని పదార్థం నేరుగా వెళ్ళి నిప్పురవ్వలను ఆర్పివేయటం కన్నా, శరీరాన్ని ముందే అప్రమత్తం చేయటమే ముఖ్యమైన పని అయివుండవచ్చునని దీనివల్ల బోధపడుతుంది. దీనికి మరొక ఆధారమూ ఉన్నది. మనం తిన్న పాలీఫినాల్సులో రక్తంలోకి చేరేది అత్యల్పం. రక్తంలో సహజంగానే ఉండే విటమిన్ సి, యూరిక్ ఆమ్లాలతో పోలిస్తే అది లెక్కలోకి రాదు. అంత కొద్ది పరిమాణంతో పెద్ద మంటను ఆర్పటం సాధ్యం కాదు. కాని కణాలలో ఎన్ఆర్ఎఫ్2 అనే ఒక మాంసకృత్తు ఉన్నది. అది ఒక మీట వంటిది. మొక్కల పదార్థాలు కొన్ని దానిని కదిలిస్తాయి. అప్పుడు కణం తన రక్షణ ఎంజైములను మరింతగా తయారుచేసుకుంటుంది. అలాగే రక్తనాళాల లోపలి పొరలో నైట్రిక్ ఆక్సైడు ఉత్పత్తిని ఇవి పెంచుతాయి. దానివల్ల నాళాలు మెత్తబడి విప్పారుతాయి.

కావలివానిని దొంగతనం జరిగే రాత్రికి అప్పటికప్పుడు పిలిపించలేము. ముందునుండి పెట్టుకొన్నవాడే పనికి వస్తాడు. మొక్కల రక్షణ ఈ విధమైనది.

మనుషులలో ఏమి తేలింది?

ఎలుకలలో కనిపించినదంతా మనుషులకు వర్తించదు. మనుషుల విషయంలో జరిగిన పరిశీలనలలో ముందుగా చెప్పుకోవలసినది నెదర్లాండ్సులోని జుట్‌ఫెన్ పట్టణంలో జరిగినది. 65 నుండి 84 ఏళ్ళ వయసుగల 805 మంది పురుషులను ఐదేళ్ళు పరిశీలించి 1993లో ఫలితాలు ప్రకటించారు. తేనీరు, ఉల్లి, ఆపిల్ ద్వారా ఫ్లావనాయిడ్లు అనే పాలీఫినాల్సును ఎక్కువగా తీసుకొన్నవారిలో హృద్రోగ మరణాలు, తక్కువగా తీసుకొన్నవారితో పోల్చితే, సగానికన్నా తక్కువ. అయితే ఇది పరిశీలన మాత్రమే. అటువంటి ఆహారం తీసుకొనేవారికి ఇతర మంచి అలవాట్లు కూడా ఉండవచ్చు.

స్పెయిన్‌లో 7,447 మందిపై జరిగిన ప్రయోగం దీనికన్నా బలమైనది. ఆలివ్ నూనెను గాని, బాదం, అక్రోటు వంటి గింజలను గాని కూరగాయలతో కూడిన ఆహారంలో చేర్చుకున్నవారిలో గుండెపోటు, పక్షవాతం, హృద్రోగ మరణాలు కలిపి చూస్తే సుమారు 30 శాతం తగ్గాయి. 2013లో వెలువడిన ఈ ఫలితాలలో ఎంపిక పద్ధతి లోపాలు బయటపడగా, 2018లో లెక్కలను సరిచేసి తిరిగి ప్రచురించారు. నిర్ణయం దాదాపు అదే నిలిచింది.

మాత్రలుగా చేసినప్పుడు

ఆహారంలో మేలు చేసే పదార్థాన్ని వేరుచేసి మాత్రగా మింగితే మరింత మేలు జరగాలి కదా అని ఎవరికైనా తోస్తుంది. శాస్త్రజ్ఞులకూ అలాగే తోచింది. కాని ఫలితాలు నిరాశపరిచాయి. 2000లో వెలువడిన హోప్ ప్రయోగంలో విటమిన్ ఇ వాడినవారికి గుండె విషయంలో ప్రయోజనం కనిపించలేదు. బ్రిటన్‌లో 20,536 మందిపై జరిగిన ప్రయోగంలో విటమిన్ ఇ, విటమిన్ సి, బీటా కెరోటిన్ కలయికను ఐదేళ్ళు పరీక్షించి చూశారు. 2002లో ప్రకటించిన ఫలితం: ఏ ప్రయోజనమూ లేదు. అంతకుముందే 1994లో ఫిన్లాండ్ నుండి వచ్చిన వార్త మరింత కలవరపరిచింది. పొగత్రాగే పురుషులకు బీటా కెరోటిన్ మాత్రలు ఇవ్వగా వారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గకపోగా పెరిగింది.

నాళం తెరిచే సమయంలోనే సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్ ఎంజైమును రోగుల రక్తంలోకి ఎక్కించి చూసిన ప్రయోగం కూడా 1994లోనే వెలువడింది. గుండె పనితీరు దానివల్ల మెరుగుపడలేదు. 2022లో కోకో గింజల పాలీఫినాల్సుపై 21,442 మందితో జరిగిన ప్రయోగం ఫలితాలు మాత్రం కొంత ఆశాజనకంగా ఉన్నాయి. మొత్తం హృద్రోగ సంఘటనలలో తగ్గుదల నిర్ధారణగా తేలకపోయినా, గుండె, రక్తనాళాల జబ్బులవల్ల మరణాలు 27 శాతం తక్కువగా కనిపించాయి. దీనిని ఇతర ప్రయోగాలు బలపరచవలసి ఉన్నది.

ఫ్రీ రాడికల్సన్నీ శత్రువులు కావన్నది ఇందులో ఒక పాఠం. కొద్ది మోతాదులో అవి శరీరానికి హెచ్చరికలు. 1986లో మరీ, జెన్నింగ్స్, రైమర్ అనే పరిశోధకులు కుక్కల గుండెకు ముందుగా 5 నిమిషాలపాటు నాలుగుసార్లు రక్తం ఆపి విడిచి, ఆ తరువాత 40 నిమిషాలు ఆపారు. అలా అలవాటు చేసిన గుండెలలో నష్టం మిగిలిన వాటిలో నాలుగవ వంతుకు తగ్గింది. చిన్న దెబ్బ గుండెను పెద్ద దెబ్బకు సిద్ధం చేసిందన్నమాట. మాత్రలతో హెచ్చరికలన్నిటినీ ముంచివేస్తే ఈ సిద్ధపాటు కూడా జరగకపోవచ్చు.

ప్రవక్త (స) చూపిన మార్గం

ఈ విషయంలో ముస్లిం పాఠకులు ఆలోచించదగిన ఒక ఉల్లేఖనం సుననె అబూ దావూద్‌లో వైద్య సంబంధమైన భాగంలో ఉన్నది. హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) జబ్బుపడినప్పుడు దైవప్రవక్త (స) పరామర్శకు వెళ్ళి, ఆయన రొమ్ముపై చేయి ఉంచి, ఇది గుండెకు సంబంధించిన బాధ అని గుర్తించారు. సఖీఫ్ తెగకు చెందిన హారిస్ బిన్ కలదా అనే వైద్యుని వద్దకు వెళ్ళమన్నారు. మదీనా అజ్వా ఖర్జూరాలు ఏడు తీసుకొని గింజలతోసహా నూరి ఆయనకు ఇవ్వాలని కూడా సూచించారు. దీని సనదు విషయమై హదీసు పండితులు చర్చించారు. అయినా ఇందులోని క్రమం గమనార్హం. పండు ప్రస్తావన ఉన్నది, దానికి ముందు వైద్యుని ప్రస్తావన ఉన్నది. ఆ మాట చెప్పినది సాక్షాత్తు దైవప్రవక్త (స) అయివుండి కూడా రోగిని వైద్యుని వద్దకు పంపారు.

యూనానీ వైద్యులు కూడా ఈ క్రమాన్ని విడువలేదు. ఇబ్నె సీనా (980-1037) గుండె మందుల గురించి అల్ అద్వియతుల్ ఖల్బియా అనే ప్రత్యేక గ్రంథం వ్రాశాడు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో చార్మినార్ చెంత వెలసిన నిజామియా తిబ్బీ వైద్యశాల ఆ సంప్రదాయానికి నేటికీ నిలయం. ఈ పద్ధతిలో ఆహారం, ఔషధం వేరువేరు మెట్లు. ఏది ఎప్పుడు అన్నది నాడి చూసిన హకీము నిర్ణయించాలి గాని, విన్నవారెవరో చెప్పినది కాదు.

మన పళ్ళెంలో ఏమి ఉండాలి?

విదేశీ పండ్లు, ఖరీదైన గుళికలు అవసరం లేదు. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు మన దేశంలో సామాన్యులు తినే పండ్లను 2010 ప్రాంతంలో పరీక్షించారు. అన్నిటికన్నా జామకాయలో యాంటీ ఆక్సిడెంట్లు ఎక్కువ, 100 గ్రాములకు సుమారు 500 మిల్లీగ్రాములు. దానిమ్మలో సుమారు 135. ఆపిల్‌లో ఉన్నది జామలో నాలుగవ వంతు మాత్రమే. బార్కస్ జామకాయ రుచి ఎరిగిన హైదరాబాదు వాసులకు ఇది శుభవార్త. ఈ సంస్థ 2024లో విడుదల చేసిన సూచనల ప్రకారం రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తీసుకోవాలి.

రంజాన్ మాసంలో ఇఫ్తారు విస్తరిని ఈ దృష్టితో చూసుకోవటం మంచిది. ఖర్జూరం, జామ, దానిమ్మ, ఉడికించిన సెనగలు ఉన్నచోట వేపుళ్ళు తగ్గితే గుండెకు మేలు. పొగాకు మానటం, రక్తపోటును, చక్కెరను అదుపులో ఉంచుకోవటం, రోజూ నడవటం వీటన్నిటికన్నా ముందు. పొగ త్రాగుతూ దానిమ్మ తింటే ప్రయోజనం కొద్ది. రోజంతా కుర్చీలో కూర్చుండి కంప్యూటరు ముందు పనిచేసే యువకులు దీనిని మరింతగా గుర్తుంచుకోవాలి.

మందులు వాడేవారు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. వార్ఫరిన్ వాడేవారు ఆకుకూరలను ఒకరోజు బాగా ఎక్కువ, మరొకరోజు బాగా తక్కువ చేయరాదు. గ్రేప్‌ఫ్రూట్ అనే పండు రసం కొలెస్ట్రాల్ తగ్గించే కొన్ని మాత్రల ప్రభావాన్ని ప్రమాదకరంగా పెంచుతుంది. వెల్లుల్లి గుళికలు రక్తాన్ని పలుచన చేసే మందులతో కలిస్తే రక్తస్రావం అయ్యే అవకాశం ఉన్నది. ఏ మూలికా మందు వాడుతున్నా డాక్టరుకు చెప్పటం అవసరం.

నొప్పి మొదలైన వేళ

రొమ్ము నడుమ బరువు, బిగింపు, ఎడమచేతికి గాని దవడకు గాని పాకే నొప్పి, చెమటలు, ఊపిరి ఆడకపోవటం కనిపించిన క్షణం నుండి లెక్క నిమిషాలలో ఉంటుంది. ఆ వేళ పండ్లరసానికి గాని, కషాయానికి గాని చేయగలిగినది ఏమీ లేదు. అవి చేయవలసిన పని అంతకుముందు సంవత్సరాలలో జరిగి ఉండాలి. అప్పుడు కావలసినది 108కు ఫోను, ఇ.సి.జి. తీయగల ఆస్పత్రి, గడ్డను కరిగించే మందు లేదా నాళాన్ని తెరిచే చికిత్స. గడ్డను కరిగించే మందు 12 గంటల లోపల పనిచేస్తుంది గాని, మొదటి గంటలలో ఇచ్చినప్పుడే ఎక్కువ కండరం దక్కుతుంది. గ్యాసు నొప్పి అనుకొని తెల్లవారేదాకా ఆగటం, మధుమేహం ఉన్నవారిలోను, స్త్రీలలోను నొప్పి తీవ్రంగా లేదని ఉపేక్షించటం ప్రమాదకరం.

ఉపవాసంలో ఉండగా నొప్పి వస్తే మాత్ర వేసుకోవటానికి సంకోచించేవారు ఉన్నారు. రోగి ఉపవాసాన్ని విడిచి, తరువాతి దినాలలో పూర్తిచేసుకొనే వెసులుబాటును దివ్య ఖుర్ఆన్ స్వయంగా ప్రసాదించింది. ప్రాణరక్షణ షరీఅతు ఐదు ప్రధాన లక్ష్యాలలో ఒకటని మన ధర్మవేత్తలు ఏకగ్రీవంగా చెప్పారు. కనుక ఇంట్లో పెద్దలకు ఈ విషయం ఆరోగ్యంగా ఉన్న రోజులలోనే చెప్పి ఉంచాలి. దగ్గరలో గుండె చికిత్స చేసే ఆస్పత్రి ఏదో, అర్ధరాత్రివేళ అక్కడికి ఎవరు తీసుకువెళతారో ముందే నిర్ణయించుకోవాలి.